మొగ దాటితే... గంగమ్మ లోగిలి!

కొబ్బరాకుల సందుల్లోంచి కనిపించే కోనసీమ అందరికీ తెలుసు. సముద్రంలోంచి చూస్తే కనిపించే కోనసీమ మాత్రం వేటకెళ్లే గంగపుత్రులకే సొంతం. వైనతేయ గోదావరి కడలిలో కలిసే కరవాక దగ్గర నావ ఎక్కి, తెరచాప ఎత్తి, పొద్దు వాలేదాకా తీరం వెంట సాగితే... డాల్ఫిన్లు ఎదురొస్తాయి. తాబేళ్లు తల ఎత్తి చూస్తాయి. పచ్చని గట్టు కొంచెంకొంచెంగా కరిగిపోవడమూ కనిపిస్తుంది. మామిడికుదురు మండలపు చిట్టచివరి రేవు నుంచి మొదలయ్యే ఆ ఒక్కరోజు పయనం ఇది.

తెల్లవారుజాము నాలుగు దాటింది. పుష్య మాసపు చలి. ఊరింకా ముసుగుతన్ని పడుకునే ఉంటుంది కానీ రేవు మాత్రం అప్పటికే మేలుకుంటుంది. వలలు భుజాన వేసుకుని ఒకరు, మంచినీళ్ల క్యాను పట్టుకుని మరొకరు, చద్దన్నం క్యారేజీతో ఇంకొకరు... చీకట్లోనే నావ దగ్గరకు చేరతారు. ఎవరూ వాచీ చూసుకోరు. ఒకాయన వేలు తడిచేసి గాల్లోకి ఎత్తుతాడు.

‘‘గాలెటుందిరా అబ్బాయ్‌?’’

‘‘గట్టు మీంచే కొడతంది బాబాయ్‌... ఆయ్‌!’’

అంతే! నావ కదలడానికి ఆ ఒక్క మాట చాలు.

మామిడికుదురు అంటే చాలామందికి గుర్తొచ్చేవి అప్పనపల్లి బాలబాలాజీ గుడి, ఆదుర్రు బౌద్ధ స్తూపం. పాతతరానికైతే 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఎగసిపడి, 65 రోజులపాటు ఆరకుండా మండిన గ్యాస్‌ బావి. జాతీయ రహదారి మీద అమలాపురం నుంచి రాజోలు వెళ్లే బస్సు ఎక్కినవాళ్లకు ఈ మండలానికి ఒక సముద్రం ఉందన్న సంగతే తట్టదు. వరిచేలు, కొబ్బరితోటలు, చేపల చెరువులు దాటుకుంటూ దక్షిణంగా వెళ్తే రోడ్డు అయిపోయేచోట కరవాక. ఎదుటి ఒడ్డున అల్లవరం మండలంలోని ఓడలరేవు. ఆ రెండింటి మధ్య వైనతేయ... బంగాళాఖాతంలోకి!

పాటు చూసుకుని పయనం

ధవళేశ్వరం ఆనకట్ట దాటాక గోదారమ్మ గౌతమిగా, వశిష్ఠగా రెండు పాయలవుతుంది. పి.గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి విడిపోయిన పాయే వైనతేయ. పేరుకు గరుత్మంతుడి నది. కానీ ఇది రెక్కలు విప్పేది గట్ల మధ్యన కాదు, సముద్రం దగ్గరే. నది కడలిలో కలిసే ఆ నోటినే ఇక్కడివాళ్లు ‘మొగ’ అంటారు.

వేటగాళ్లకు అన్నిటికంటే భయం మొగంటేనే. నది మోసుకొచ్చిన ఇసుకా, సముద్రం ఎగదోసిన ఇసుకా కలిసి అక్కడ నీటి అడుగున దిబ్బలుగా పేరుకుంటాయి. నిన్న లోతుగా ఉన్న దారి ఇవాళ మోకాలి లోతే కావచ్చు. వరద వస్తే ఒకలా, తుపాను వస్తే మరోలా మారిపోతుంది. పటం చూసి వెళ్లే దారి కాదది. నీటి రంగునూ కెరటం విరిగే తీరునూ చూసి పోల్చుకోవాల్సిందే. కెరటం తెల్లగా విరిగిందంటే కింద దిబ్బ ఉన్నట్టు. విరగకుండా నున్నగా దొర్లిందంటే దారి ఉన్నట్టు. ఆ లెక్క తప్పితే నావ తిరగబడుతుంది.

అందుకే రోజుకు రెండుసార్లు వచ్చే పోటూ, రెండుసార్లు తీసే పాటూ ఇక్కడి గడియారం. పాటు మొదలయ్యాక నదిలోని నీరు సముద్రంలోకి లాగుతుంది. తెల్లవారుజామున నేల చల్లబడి ఉంటుంది, నీరు వెచ్చగా ఉంటుంది. కాబట్టి గాలి గట్టు మీది నుంచి కడలివైపు వీస్తుంది. కింద నీరు లాగుతుంటే, వెనక నుంచి గాలి నెడుతుంటే పైసా ఖర్చు లేకుండా నావ మొగ దాటేస్తుంది. మధ్యాహ్నానికి నేల కాగి గాలి మళ్లుతుంది. ఇక అది సముద్రం మీది నుంచి గట్టువైపు వీస్తుంది. అదే తిరుగు ప్రయాణానికి టికెట్టు! పొద్దున్నే తీసుకెళ్లి సాయంత్రం ఇంటిదగ్గర దిగబెట్టే ఈ గాలి లెక్క కొన్ని వందల ఏళ్లుగా ఈ తీరానికి అన్నం పెట్టింది.

ఇప్పుడు రేవులో ఉండేవాటిలో ఎక్కువ ఫైబర్‌ బోట్లే, వాటికి ఇంజిన్లే. తెరచాప ఎత్తిన నావ కనిపించడం అరుదైపోయింది. అయినా పూర్తిగా పోలేదు. గట్టుకు దగ్గర్లో చిన్న వల వేసేవాళ్లు, డీజిలు ఖర్చు కలిసిరానివాళ్లు ఇప్పటికీ వెదురు గెడకు గుడ్డ కట్టి గాలిని నమ్ముకుంటారు. ఇంజిన్‌ ఉన్నవాళ్లు సైతం ఆపదకు ఉంటుందని ఓ తెరచాప చుట్టి పెట్టుకుంటారు.

నాణెం మీద ఓడ

తెరచాపకూ తెలుగువాడికీ చుట్టరికం ఈనాటిది కాదు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. రాజు తన నాణెం మీద ఓడను ముద్రించుకున్నాడంటే సముద్ర వ్యాపారం ఎంతగా సాగిందో అర్థం చేసుకోవచ్చు. ఆ పాతకాలపు గుర్తొకటి మామిడికుదురు మండలంలోనే ఉంది. వైనతేయ పడమటి గట్టున ఉన్న ఆదుర్రులో 1953లో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపి బౌద్ధ స్తూపాన్ని వెలికితీసింది. అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళానికి వెళ్తూ ఇక్కడ ఆగి దానికి పునాది వేసిందని స్థానికుల నమ్మకం. నిజం సంగతెలా ఉన్నా, నదిలోంచి సముద్రంలోకి, సముద్రంలోంచి సింహళానికి దారి ఉందన్న ఎరుక మాత్రం ఆ కథలో ఉంది.

కాకినాడ పక్కనున్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే ఊరు. ఓడల మరమ్మతులకు దూరదేశాల నుంచి వచ్చేవారు. ఇక్కడి నుంచి బర్మా వెళ్లిన తెలుగువాళ్లందరినీ అక్కడివాళ్లు ‘కోరంగీలు’ అనే పిలిచారు. 1789లోనూ 1839లోనూ విరుచుకుపడిన తుపాన్లు ఆ రేవును తుడిచిపెట్టాయి. సుడిగాలి తుపానుకు ‘సైక్లోన్‌’ అన్న పేరును 1848లో ప్రచారంలోకి తెచ్చిన హెన్రీ పిడింగ్టన్‌ అధ్యయనం చేసిన తుపాన్లలో 1789 నాటి కోరంగి ఉప్పెన కూడా ఒకటి.

గాలిని నమ్మి బయల్దేరే తెగువ మాత్రం పోలేదు. భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళలు ‘తారిణి’ అనే తెరచాప నావలో 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరి ప్రపంచాన్ని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. ఆ ఆరుగురిలో ఇద్దరు తెలుగమ్మాయిలు... విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య. ఆ నావ పొడవు 17 మీటర్లే!

మొదటి పలకరింపు డాల్ఫిన్‌దే

మొగ దాటగానే నీటి రంగు మారుతుంది. గోదారి బురద కలిసిన టీ రంగు కాస్తా పచ్చగా, ఆపైన నీలంగా అవుతుంది. ఆ రెండు రంగులూ కలిసేచోట నీటిమీద గీత గీసినట్టు నురగ ఒకటి కనిపిస్తుంది. వేటగాడి కళ్లు వెతికేది దాన్నే. నది తెచ్చిన సారం అక్కడ కడలిలో కలుస్తుంది. ఆ సారం కోసం చిన్నచేపలు, వాటికోసం పెద్దచేపలు, అన్నిటికోసం పైన పక్షులు! తెల్లని సముద్రపు కాకులు గుంపుగా నీటిమీదకు దూకుతున్నాయంటే కింద నెత్తళ్లో, కవళ్లో మంద కట్టినట్టే. గద్ద ఒకటి వచ్చి కాళ్లతో చేపను అందుకుని, ఎగురుతూనే పట్టు సవరించుకుంటుంది.

ఇంజిన్‌ బోటుకు ఇదంతా దూరంగానే ఉండిపోతుంది. దాని రొద వినగానే సగం ప్రాణులు పక్కకు తప్పుకుంటాయి. తెరచాప నావకు చప్పుడు లేదు. నీరు చెక్కను రాసుకుంటూ పోయే సవ్వడి, గుడ్డ రెపరెపలు... అంతే. అందుకే దానికి దగ్గరగా వస్తాయి డాల్ఫిన్లు.

ముందు ఊపిరి వినిపిస్తుంది. ‘ఫుస్‌’మని. తిరిగి చూసేలోపు నున్నని వీపు ఒకటి విల్లులా వంగి మునిగిపోతుంది. కాసేపటికి అటుపక్క మరొకటి. డాల్ఫిన్‌ చేప కాదు, మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీల్చే క్షీరదం. అందుకే నీటిపైకి రాక తప్పదు. నది నోళ్ల దగ్గరా, లోతులేని తీరజలాల్లోనూ తిరగడానికి ఇష్టపడేవి మూపురం ఉన్న ‘హంప్‌బ్యాక్‌’ డాల్ఫిన్లు. వాటి వీపుమీద రెక్క కింద ఎద్దు మూపురంలా ఎత్తుగా ఉంటుంది. గట్టుకు దూరంగా, లోతు నీళ్లలో గుంపులు గుంపులుగా గాల్లోకి ఎగిరి బొంగరంలా తిరిగేవి ‘స్పిన్నర్‌’ డాల్ఫిన్లు.

డాల్ఫిన్‌ చూపుకంటే చెవినే ఎక్కువ నమ్ముతుంది. అది పంపే శబ్దం ఎదుటి వస్తువును తాకి తిరిగొస్తుంది. ఆ ప్రతిధ్వనిని బట్టే ఏది చేపో, ఏది దిబ్బో పోల్చుకుంటుంది. బురదనీటిలో కళ్లు పనిచేయకపోయినా వేట ఆగదు. మొగ దగ్గర వేటగాడూ అదేగా చేసేది! ఇద్దరూ కంటికి కనిపించని అడుగును పసిగట్టి బతికేవాళ్లే. ఇద్దరికీ కావలసినవీ ఒకే చేపలు. చేపల మంద జాడ దొరక్క తిరుగుతున్నప్పుడు డాల్ఫిన్లు ఎటు పోతున్నాయో చూసి నావను అటు మళ్లించడం వేటగాళ్లకు అలవాటే.

అదృష్టం బాగుంటే ఇంకా పెద్ద చుట్టం కూడా ఈ తీరానికి వస్తుంది. తిమింగల సొర! ప్రపంచంలోకెల్లా పెద్ద చేప ఇదే. ఒళ్లంతా తెల్లచుక్కలు. ఆకారం చూసి హడలిపోతాం కానీ అది తినేది నీటిలోని సూక్ష్మజీవుల్నీ చిట్టి చేపల్నీ. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి ఇలాంటిదొకటి వచ్చి వలలో చిక్కింది. అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి దాన్ని తిరిగి సముద్రంలోకి సాగనంపారు.

తాబేళ్ల పెళ్లిళ్ల కాలం

ఎండ కాస్త ఎక్కాక నీటిమీద గుండ్రంగా ఏదో తేలుతూ కనిపిస్తుంది. దూరం నుంచి చూస్తే కొట్టుకొచ్చిన కొబ్బరి బొండమనుకుంటాం. దగ్గరైతే దానికి తల ఉంటుంది. చిలక ముక్కులాంటి మూతి. రెండు నల్లని కళ్లు. ఒక్క క్షణం చూసి, గుక్కెడు గాలి పీల్చి, తెడ్లలాంటి ముందుకాళ్లతో నీటిని నెట్టుకుంటూ కిందికి జారిపోతుంది. అదే ఆలివ్‌ రిడ్లే తాబేలు.

ప్రపంచంలో ఉన్న సముద్ర తాబేళ్ల జాతులు ఏడే. వాటిలో అయిదు మన దేశపు జలాల్లో తిరుగుతాయి. తూర్పు తీరంలో ఎక్కువగా కనిపించేది ఆలివ్‌ రిడ్లే. రెండడుగులు దాటీ దాటని డిప్ప, ముప్ఫై అయిదు నుంచి నలభై అయిదు కిలోల బరువు. డిప్ప రంగు ఆలివ్‌ కాయలా ఉంటుందని ఆ పేరు. పీతలు, రొయ్యలు, జెల్లీ ఫిష్‌లు తిని బతుకుతుంది. కార్తీకం వెళ్తూనే ఇవి జతకట్టడానికి తీరానికి దగ్గరగా వస్తాయి. ఒడిశాలోని గహీర్‌మఠ, రుషికుల్య తీరాల్లో లక్షల సంఖ్యలో ఒకేసారి గుడ్లు పెట్టడం లోకమంతటికీ తెలిసిన వింత. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఉన్న మన తీరంలో అంత సందడి ఉండదు. ఇక్కడ ఒక్కొక్కటిగా, చీకట్లో, చడీచప్పుడు లేకుండా వస్తాయి. కోనసీమలో అంతర్వేది నుంచి అటు కోరంగి దగ్గరి హోప్‌ ఐలాండ్‌ వరకు ఇసుక ఉన్న ప్రతిచోటా వాటికి పురిటిగదే!

రాత్రివేళ తల్లి తాబేలు ఇసుకలో పాకుకుంటూ పోటు అందని చోటుకు వస్తుంది. వెనక కాళ్లతో కూజా ఆకారంలో గొయ్యి తవ్వుతుంది. వందకు అటూఇటూగా, పింగ్‌పాంగ్‌ బంతుల్లాంటి గుడ్లు పెడుతుంది. ఇసుకతో కప్పి, ఒంటితో అదిమి, గంటలోపే వెనుదిరుగుతుంది. మళ్లీ ఆ పిల్లల మొహం చూడదు. ఆరేడు వారాలు వాటిని పొదిగేది ఇసుక వేడే. మరో విచిత్రం ఏంటంటే పుట్టేది ఆడో మగో తేల్చేదీ ఆ వేడే. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగపిల్లలు. భూమి వేడెక్కుతోందన్న వార్త తాబేలు ఇంట్లో ఇలా వినిపిస్తోంది.

అరచేతిలో ఇమిడే ఆ పిల్లలు బయటికొచ్చాక ఎక్కడ వెలుతురుంటే అటు పరుగు తీస్తాయి. చీకటి రాత్రి తీరంలో అన్నిటికంటే వెలుగు ఉండేది సముద్రం వైపే కాబట్టి ఆ తెలివి వాటిని ఇన్నాళ్లూ కాపాడింది. ఇప్పుడు వీధిదీపం వెలిగితే ఊళ్లోకి నడిచొస్తాయి. కుక్కలూ కాకులూ పీతలూ సరేసరి. వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదైతే గొప్ప అంటారు.

ఆ ఒక్కటి ఎంత దూరం వెళ్తుందో తెలిస్తే ఆశ్చర్యపోతాం. 2021లో గహీర్‌మఠలో బిళ్ల తగిలించి వదిలిన ఓ ఆడ తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్‌ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించింది. తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి... దాదాపు మూడున్నర వేల కిలోమీటర్లు!

ఊపిరాడని వల

ఇంత దూరం ఈదగలిగిన ప్రాణి గట్టుకు ఆమడ దూరంలో చచ్చిపోతోంది. ఏటా చలికాలంలో అంతర్వేది, ఓడలరేవు, ఎస్‌.యానాం తీరాల వెంట చచ్చిన తాబేళ్లు కొట్టుకురావడం కోనసీమవాసులకు మామూలు దృశ్యమైపోయింది. చాలావాటి ఒంటిమీద దెబ్బ ఉండదు. అవి చచ్చింది ఊపిరాడక.

సముద్రంలో బతికే తాబేలుకు ఊపిరాడకపోవడమేంటి? దానికీ ఊపిరితిత్తులే మరి. మధ్యమధ్య పైకొచ్చి గాలి పీల్చాలి. రొయ్యల కోసం అడుగును ఊడ్చుకుంటూ పోయే ట్రాలు వలలో పడితే గంటలకొద్దీ నీటి అడుగునే ఉండిపోతుంది. కొట్టుకుంటుంది. కొట్టుకునేకొద్దీ ఉన్న ఊపిరి తొందరగా అయిపోతుంది. వల పైకి లాగేసరికి ఏమీ మిగలదు.

దీనికి చట్టం ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం పులికి ఎంత రక్షణో ఆలివ్‌ రిడ్లేకూ అంతే. ఆంధ్రప్రదేశ్‌ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. దాని నిబంధనల ప్రకారం తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్లలోపు నీళ్లు సంప్రదాయ నావలకే. మర పడవలు ఆ అవతలే వేటాడాలి. ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకు 61 రోజులు మర పడవల వేటకు సెలవు. కానీ తాబేళ్లు తీరానికి వచ్చేది ఆ సెలవుకు ముందే... సంక్రాంతి నుంచి ఉగాది లోపు!

ఉపాయమూ ఉంది. ట్రాలు వల మెడ దగ్గర ఇనుప చట్రం ఒకటి అడ్డంగా బిగిస్తారు. రొయ్యలూ చేపలూ ఊచల సందుల్లోంచి లోపలికి పోతాయి. తాబేలు మాత్రం ఊచలకు తగిలి, పైనున్న తలుపులోంచి బయటపడుతుంది. దాని పేరు టెడ్‌. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిజ్ఞాన సంస్థ మన వలలకు సరిపోయేలా దీన్ని రూపొందించింది. ఈ చట్రం లేని వలలతో పట్టిన సముద్రపు రొయ్యల్ని కొనబోమని అమెరికా భీష్మించుకుంది. 1996లో పెట్టిన ఆ నిషేధం మీద భారత్‌ సహా నాలుగు దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్లి పోరాడాయి. ఒక తాబేలు ఊపిరి దేశాల మధ్య వ్యాజ్యమైంది!

మరి చట్రం బిగించడానికి వెనకాడటమెందుకు? రొయ్యలు కూడా ఆ తలుపులోంచి జారిపోతాయని బోటు యజమానుల బెంగ. డీజిలు, ఐసు, కళాసీల బత్తా పోగా మిగిలేదే అంతంతమాత్రం. అందులో ఒక బుట్ట తగ్గినా ఆ రోజు అప్పే. తాబేలును చంపాలని ఎవరూ వల వేయరు. కూర్మావతారమంటూ దండం పెట్టి వదిలేసే ఆచారం మన మత్స్యకారులకు ఉంది. శ్రీకాకుళం జిల్లాలో శ్రీకూర్మనాథుడిగా ఆ తాబేలుకే గుడి కట్టుకున్న జాతి మనది. సమస్య మనసులో కాదు, లెక్కలో ఉంది. ఆ లెక్క సరిచేయనంతకాలం ఏ చట్టమూ నీటి అడుగుదాకా వెళ్లదు.

ఇందులో తెరచాప నావవాడి గోడు వేరు. అతడి వల చిన్నది. గంటలకొద్దీ అడుగున ఈడ్చేది కాదు. తాబేలు పడితే కనిపిస్తుంది, విడిపించే వీలుంటుంది. గట్టు దగ్గరికి చొరబడే పెద్ద బోటు తాబేలుకు ఎంత ముప్పో అతడి చిన్న వలకూ అంతే ముప్పు. ఎనిమిది కిలోమీటర్ల గీతను అందరూ పాటిస్తే బతికేది తాబేలొక్కటే కాదు.

నీళ్లలోంచి చూస్తే...

మధ్యాహ్నానికి గాలి నెమ్మదిస్తుంది. తెరచాప వాలిపోతుంది. నావ నడిపేవాళ్లకు అదే భోజన విరామం. చద్దన్నం, ఉల్లిపాయ, నంజుకోవడానికి ఎండుచేపల కూర. ఆ కాసేపట్లో గట్టువైపు చూస్తే కోనసీమ మొత్తం ఒక పచ్చని గీతలా ఉంటుంది. వెనకవైపు ఓడలరేవు దగ్గర ఓఎన్‌జీసీ టెర్మినల్‌. ముందువైపు, పాతిక కిలోమీటర్ల దూరంలో, వశిష్ఠ గోదావరి కడలిలో కలిసే అంతర్వేది. అక్కడ నదికీ సముద్రానికీ మధ్యనున్న ఇసుకమేటను ‘అన్నాచెల్లెళ్ల గట్టు’ అంటారు. భీష్మ ఏకాదశినాడు నరసింహస్వామి రథోత్సవానికి వచ్చే జనంతో ఆ ఊరు కిటకిటలాడుతుంది.

దగ్గరగా వెళ్లి చూస్తే ఆ పచ్చని గీత అంచు చిరిగిపోయి కనిపిస్తుంది. వేళ్లు బయటపడి సముద్రంలోకి వాలిన కొబ్బరిచెట్లు. మొవ్వు రాలిపోయి మొండిగా నిలబడ్డవి మరికొన్ని. శంకరగుప్తం డ్రెయిన్‌ గుండా ఎగదన్నిన ఉప్పునీరు పొలాల్లోకి చేరి కేశనపల్లి చుట్టుపక్కల తోటలకు తోటలే ఎండిపోయాయి.

దీని వెనక సముద్రం కోపం ఒక్కటే లేదు. డెల్టా అంటే నది తెచ్చిన మట్టితో కట్టిన నేల. ఏటా మట్టి వస్తుంటేనే అలలు కోసుకుపోయినంత తిరిగి పూడుతుంది. నది పొడవునా కట్టిన జలాశయాల్లో ఆ మట్టి ఆగిపోతోంది. 1976 తర్వాతి పాతికేళ్లలో గోదావరి డెల్టా తీరం నికరంగా సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేలను పోగొట్టుకుందని ఆంధ్రా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలతో లెక్కతేల్చి 2004లో ప్రచురించారు. ఇసుక పోతే తల్లి తాబేలుకు గొయ్యి తవ్వే చోటుండదు. నావను పైకి లాగి ఆరబెట్టుకునే చోటూ ఉండదు. తాబేలుకూ వేటగాడికీ కావలసింది ఒకే నాలుగు గజాల పొడి ఇసుక.

ఈ నీళ్ల మీదుండి తుపాను మాట ఎత్తకుండా ఉండలేం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. వేటకెళ్లి తిరిగిరానివాళ్లు అందులో ఎందరో. ఇప్పుడు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌ సంస్థ కెరటాల ఎత్తునూ గాలి వేగాన్నీ ముందే చెబుతోంది. ఆ కబురు సెల్‌ఫోన్‌లో రేవుదాకా వస్తోంది. చేపలు ఏ దిక్కున దొరకవచ్చో కూడా అదే సంస్థ సూచిస్తుంది. అయినా వేలు తడిచేసి గాలికి పెట్టడం మాత్రం ఎవరూ మానలేదు.

తిరుగు గాలి

మూడింటికి మళ్లీ గుడ్డలో ప్రాణం వస్తుంది. ఈసారి గాలి కడలి మీది నుంచి. తెరచాప నావ ఎదురుగాలికి నేరుగా పోలేదు. పక్కగాలిని పట్టుకుని ఏటవాలుగా సాగుతుంది. చుక్కాని దగ్గర కూర్చున్నాయన మాట్లాడకుండా గుడ్డ అంచునే చూస్తుంటాడు. అది రెపరెపలాడితే గాలి జారిపోతున్నట్టు. బిగిసి నిలబడితే దారి సరైనట్టు. చిన్నవాడు బల్ల మీద కూర్చుని పొద్దుటి వేటను వేరుచేస్తుంటాడు. చందువలు ఒక బుట్టలో, రొయ్యలు ఇంకో బుట్టలో, కానాగంతలు వేరే. ఇంటి కూరకు పక్కన పెట్టేవి నాలుగు.

మొగ దగ్గరకొచ్చేసరికి పోటు మొదలై ఉండాలి. ఉంటే నీరే లోపలికి తీసుకెళ్తుంది. లేకుంటే బయటే ఆగాలి. వానాకాలపు వరదలప్పుడైతే ఇదే దారుల వెంట ఇలస సముద్రం నుంచి గోదాట్లోకి ఎదురీదుతుంది. నది నీటిలో ఈదీ ఈదీ పులసగా మారి, పుస్తెలమ్మైనా తినాలనిపిస్తుంది. పోటు సాయంతో లోపలికొచ్చే నావదీ ఆ చేపదీ ఒకే వాకిలి.

పొద్దు వాలేసరికి ఇసుక మీద ఎర్రపీతలు కన్నాల్లోంచి బయటికొస్తాయి. అడుగు చప్పుడైతే చాలు, పరిచిన ఎర్ర తివాచీని ఎవరో లాగేసినట్టు మాయమవుతాయి. వేలంపాట దగ్గర ఆడవాళ్లు బుట్టలు ముందేసుకుని బేరాలాడుతుంటారు. చీకటి పడ్డాక తీరం ఖాళీ అవుతుంది. అప్పుడు మొదలవుతుంది రెండో రేవు పని. అలల్లోంచి ఒక నల్లని డిప్ప మెల్లగా పైకి పాకుతుంది.

అటవీశాఖ, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఆంధ్ర తీరంలో చాలాచోట్ల ఆ గుడ్లను సేకరించి, కంచె వేసిన ఇసుకలో పొదిగించి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతున్నాయి. ఆ పనిలో మత్స్యకార యువకులే కాపలాదారులు. పగలు వల వేసిన చేతులే రాత్రి గుడ్లు కాపాడటమన్నది చట్టం కంటే బలమైన సంగతి. ఆడ తాబేలు తాను పుట్టిన తీరానికే తిరిగొచ్చి గుడ్లు పెడుతుందంటారు. పదిహేనేళ్ల తర్వాత అది వచ్చేసరికి ఇక్కడ ఇసుక ఉంటుందా, చీకటి ఉంటుందా అన్నది గట్టుమీద ఉన్నవాళ్ల చేతుల్లోనే ఉంది.

వెళ్లాలంటే...

* అమలాపురం, రాజోలు మధ్య 216 జాతీయ రహదారి మీద మామిడికుదురు ఉంది. అక్కణ్నుంచి కరవాకకు రోడ్డు మార్గం. పడమర నుంచి వచ్చేవాళ్లు నరసాపురం దాకా రైల్లో రావచ్చు.

* కరవాక నావలు వేట కోసమే. టికెట్టు కొని ఎక్కే షికారు పడవలు కావు. మొగ దాటడం అనుభవం లేనివారికి ప్రమాదం. నీటి విహారం కావాలంటే దిండి దగ్గర వశిష్ఠలో హౌస్‌బోట్లు, మడ అడవులు చూడాలంటే కోరంగి అభయారణ్యం మేలు. పడవ ఏదైనా లైఫ్‌ జాకెట్‌ తప్పనిసరి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన పడవ ప్రమాదాన్ని మరవొద్దు.

* జనవరి, ఫిబ్రవరి నెలల్లో సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. వాతావరణ హెచ్చరికలున్నప్పుడు తీరానికి వెళ్లకూడదు.

* రాత్రి తీరంలో తాబేలు కనిపిస్తే టార్చి వేయొద్దు, ఫ్లాష్‌తో ఫొటో తీయొద్దు, ముట్టుకోవద్దు. దూరంగా, వెనకవైపు నిలబడి చూడొచ్చు. గుడ్లు కనిపిస్తే కదిలించకుండా అటవీశాఖకు చెప్పండి.

* అప్పనపల్లి బాలబాలాజీ ఆలయం, ఆదుర్రు స్తూపం దగ్గర్లోనే ఉన్నాయి. రెండూ వైనతేయ పక్కనే. పిల్లలతో వెళ్తే ఆ రెండూ చూపించి, సాయంత్రానికి తీరం చేరుకుంటే రోజు నిండుగా గడుస్తుంది.